పది గుంటల కోసం మూడు రోజులు

మిరుగం (మృగశిర కార్తె) ఇంకో నాలుగు రోజులుందనగా మా చిన్నాయన కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, నాగర్‌కర్నూల్ దగ్గర ప్రకృతి సేద్యం మీద మూడు రోజుల ట్రైనింగ్ ఉంది, నువ్వు కూడా వస్తనంటే బాపు పంపిస్తడు, ఒక్కణ్ని పోనియ్యడు" అన్నాడు. పత్తి గింజ పెట్టే టైముకు కొడుకు ఇంట్లో లేకపోతే చిన్నాయనకు టెన్షన్ ఉండదా మరి. హైదరాబాద్‌లో కుర్చీ అరగదీసే ఉద్యోగం నాది, ఒక్కసారి మట్టి తొక్కినట్టూ ఉంటుందని లీవు పెట్టి బయలుదేరాను.

కల్వకుర్తిలో బస్సెక్కితే తాడూరు దాకా నిలబడే పోయాం. దారి పొడుగునా దున్ని పెట్టిన ఎర్ర చెల్కలు. నాగర్‌కర్నూల్‌లో దిగి పాలెం వైపు ఆటో పట్టుకున్నాం. ఆ పాలెంలోనే ఆముదం రకాల మీద పనిచేసే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. ఒకప్పుడు పాలమూరు చెల్కల్లో ఎటు చూసినా ఆముదమే కనిపించేది, ఇప్పుడు ఎటు చూసినా పత్తి.

ట్రైనింగ్‌కు ఓ ముప్పై మంది వచ్చారు, అందరూ ఇరవై అటూ ఇటూ వయసు వాళ్లే. నిజం చెప్పాలంటే సగం మంది సర్టిఫికెట్ కోసం వచ్చారు, మావాడు కూడా ఆ సగంలోనే ఉన్నాడని నా అనుమానం. మొదటి రోజు జీవామృతం, అంటే ఆవు పేడ, మూత్రంతో పులియబెట్టి చేనుకు పోసే ద్రావణం. ప్రకృతి సేద్యాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ చెప్పిన లెక్క ప్రకారం 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గట్టు మీది మట్టి ఓ గుప్పెడు వేసి 48 గంటలు నీడలో పెట్టాలి, పొద్దున సాయంత్రం కలుపుతూ ఉండాలి. ఎకరానికి ఒక డ్రమ్ము. పైన గోనె సంచి కప్పాలని చెప్పారు, నేనేమో వాసన ఆగుతుందని రాత్రి మూత గట్టిగా బిగించి పడుకున్నాను. పొద్దున మూత తీసేసరికి లోపలి గాలంతా ఒక్కసారి బుస్సుమని తన్నింది, అంగీ నిండా చిత్తడి. ఆ అంగీని మళ్లీ తొడగలేదు.

రెండో రోజు మాత్రం బాగా గుర్తుండిపోయింది. ట్రైనర్ సారు అందరితో ఒక లెక్క చేయించాడు. ఒక ఎకరం మీద ఒక్క మిల్లీమీటర్ వాన పడితే సుమారు 4000 లీటర్లు. మా పాలమూరులో ఏడాదికి 600 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. అంటే ఎకరానికి 24 లక్షల లీటర్లు! కరువు జిల్లా, కరువు జిల్లా అని పుట్టినప్పటి నుంచి వింటున్న పిల్లలు ఫోన్లు తీసి మళ్లీ మళ్లీ గుణించి చూసుకున్నారు. ఆ నీళ్లు వాగులో పడి పోకుండా వాలుకు అడ్డంగా కందకాలు తవ్వాలి, కందకం అడుగు ఎగుడుదిగుడు కాకుండా ఒకే ఎత్తులో పోవాలి. దానికి ఇంగ్లీషు 'A' అక్షరం ఆకారంలో ఒక ఫ్రేమ్ కట్టాం: రెండు సమానమైన కట్టెలు, నడుమ ఒక అడ్డకట్టె, పైనుంచి దారానికి వేలాడే రాయి. ఒకసారి నిలబెట్టి దారం తాకిన చోట గీత పెట్టాలి, కాళ్లు అటుదిటు మార్చి ఇంకో గీత పెట్టాలి, రెండు గీతల నడుమ ఉన్నది సరి మట్టం. మూడు కట్టెలు, ఒక రాయి, అంతే ఖర్చు.

గీతలు గీయడం వచ్చింది కానీ తవ్వడం ఎవరికి వచ్చు. పది తట్టల మట్టికే చేతులు బొబ్బలెక్కాయి. గట్టు మీద కూర్చుని బీడీ తాగుతున్న ఓ ముసలాయన చూసి చూసి లేచి గడ్డపార అందుకున్నాడు. వయసులో బొంబాయి దాకా పోయి మట్టి పని చేసొచ్చాడట. "ఎవల ఊరికో తవ్వినం గానీ మన ఊరికి తవ్వుమని ఎవలడిగిన్రు?" అన్నాడు, కోపంగా కాదు, మామూలుగానే. అతను తవ్విన కందకం అంచు కత్తితో కోసినట్టు ఉంది. మధ్యాహ్నం జొన్న రొట్టె, పుంటికూర పప్పు అతని పక్కనే కూర్చుని తిన్నాం.

మూడో రోజు ఊరి కుంటలోకి నీళ్లు తెచ్చే కాలువలో సర్కారు తుమ్మ కొట్టాం. ముళ్లు, ఎండ, అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. చివర్లో సందేహాలు అడగమంటే ఒక అబ్బాయి లేచి, "ఇదంతా మంచిగనే ఉంది సార్, భూమి మా బాపుది, ఆయన్ని ఎట్ల ఒప్పియ్యాలె?" అని అడిగాడు. అందరూ నవ్వారు. సారు కూడా నవ్వి, ముందు కొద్ది జాగ అడుగు అన్నాడు. నాకైతే దాని మీదే ఇంకో రోజు క్లాసు పెట్టాల్సింది అనిపించింది.

తిరుగు బస్సులో మా జీవామృతం డబ్బా చూసి కండక్టర్ ముక్కు మూసుకుని వెనక సీటుకు పంపాడు. ఇంట్లో చిన్నాయన మూత తీసి వాసన చూసి ఏమీ అనలేదు. రాత్రి అన్నం దగ్గర మెల్లగా, "కుంట దిక్కు పది గుంటలు తీస్కో. రోడ్డు పక్కది మాత్రం ముట్టకు, పంట పోతే ఊరంత చూస్తది" అన్నాడు. మావాడు ఇంకో పది గుంటలు అడగబోతుంటే నేనే కాలు తొక్కాను.