కంట్రోల్ ప్యానెల్ మాయం

ట్రైనింగ్ గదిలోని సిస్టమ్‌లలో ఎవరు లాగిన్ అయినా కంట్రోల్ ప్యానెల్ కనిపించకూడదన్నారు. సరేనని గ్రూప్ పాలసీ (విండోస్ నెట్‌వర్క్‌లో సెట్టింగ్‌లన్నీ ఒకేచోట నుంచి పెట్టే పద్ధతి) రాసి, ఆ కంప్యూటర్లున్న ఓయూకి, అంటే నెట్‌వర్క్‌లో అకౌంట్లనీ కంప్యూటర్లనీ విడదీసి పెట్టుకునే ఫోల్డర్ లాంటిదానికి, లింక్ చేశా. రీస్టార్ట్ చేసినా ఏం మార్పు లేదు. చిరాకేసి, ఆలోచించకుండా తీసుకెళ్లి డొమైన్ మొత్తానికి, అంటే ఆఫీసు నెట్‌వర్క్ అంతటికీ, లింక్ చేశా. ఇంకేముంది, కాసేపటికి ఒక్కొక్కరికే మాయమవడం మొదలైంది, మా మేనేజర్‌కీ, చివరికి నాకూ! లింక్ వెంటనే తీసేశా గానీ పాలసీలు మళ్లీ రిఫ్రెష్ అవడానికి మామూలుగా 90 నిమిషాలు, దానిమీద ఇంకో 30 నిమిషాల దాకా పడుతుంది, ఈలోపు ఫోన్ల మీద ఫోన్లు. పాలసీలు అప్పటికప్పుడు రిఫ్రెష్ చేసే 'జీపీఅప్‌డేట్' కమాండ్ కొట్టమని ఎంతమందికి చెప్పానో.

అసలు సంగతేంటంటే కంట్రోల్ ప్యానెల్‌ని దాచేది యూజర్ సెట్టింగ్. యూజర్ అకౌంట్ ఏ ఓయూలో ఉందో దాన్నిబట్టే వర్తిస్తుంది, కంప్యూటర్ ఎక్కడుందో దానికి అనవసరం. కంప్యూటర్‌ని బట్టి రావాలంటే లూప్‌బ్యాక్ అనే ఆప్షన్ ఆన్ చేయాలి. అందులో మెర్జ్ (రెండువైపులవీ కలపడం), రీప్లేస్ (యూజర్‌వి పక్కనపెట్టి కంప్యూటర్ వైపువే వాడడం) అని రెండు పద్ధతులు. మెర్జ్ పెడితే యూజర్ సొంత పాలసీలూ ఉంటాయి, తేడా వస్తే కంప్యూటర్ వైపుదే నెగ్గుతుంది. ఇదంతా ఎప్పుడో చదివిందే, టెన్షన్‌లో ఒక్క ముక్క గుర్తురాలేదు. ఏ పాలసీలు వర్తించాయో చూపించే 'జీపీరిజల్ట్' కమాండ్ ముందే చూసుంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. ఇప్పుడు మెర్జ్ పెట్టి ఒకే ఒక్క సిస్టమ్ మీద చూస్తున్నా, మేనేజర్ ఇంకా మాట్లాడట్లేదు.