సీపీయూలోంచి గారె తీశాను

మే నెల మొదటి వారం. 320 పేజీల పుస్తకం చివరి ప్రూఫు దాకా వచ్చింది, రచయిత ఫోన్ల మీద ఫోన్లు. పీడీఎఫ్ చేయమని నొక్కి, కాఫీ కలుపుకొచ్చేలోపు స్క్రీన్ నల్లబడిపోయింది. అంతకుముందు పది నిమిషాల నుంచీ సీపీయూలో ఫ్యాన్ వెట్ గ్రైండర్ తిరిగినట్టు మోగుతూనే ఉంది. సీపీయూ అంటే లోపలుండే చిప్పు మాత్రమేనని మా అక్క కొడుకు వందసార్లు దిద్దాడు గానీ, డబ్బా మొత్తాన్నీ సీపీయూ అనడం మాకు పాతికేళ్ల అలవాటు. ఇక మారదు.

నేను విజయవాడలో ఇంట్లోనే డీటీపీ, అంటే కంప్యూటర్లో పుస్తకాల పేజీలు కూర్చే పని, చేస్తాను. మెషిన్ 2018లో అసెంబుల్ చేయించుకున్నది, ఇంటెల్ ఐ5-8400. చల్లారాక మళ్లీ ఆన్ చేసి, ఉష్ణోగ్రత చూపించే ఉచిత ప్రోగ్రాం ఒకటి పెట్టి అదే పీడీఎఫ్ మళ్లీ మొదలుపెట్టాను. 90, 94, 97. ఆ చిప్పు తట్టుకునేది 100 డిగ్రీల వరకే. ఆ దరిదాపులకు వస్తే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అయినా వేడి తగ్గకపోతే ఆరిపోతుంది. నెల రోజులుగా పేజీలు నత్తనడక నడుస్తున్నాయని నేను సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంటున్నాను. పాపం దానిది కాదు.

దుమ్మే అని తెలుస్తూనే ఉంది. హాల్లోనే టేబుల్, పక్కనే వంటిల్లు, ఎదురుగా దేవుడి అలమర. పోపు నూనె ఆవిరి, అగరొత్తుల పొగ, కాగితాల నూగు, రోడ్డు దుమ్ము అన్నీ కలిసి లోపలికి వెళ్తున్నాయి. షాపుకి పంపొచ్చు. కానీ ఏడాది కిందట ఒక షాపుకి ఇస్తే మూడు రోజులు ఉంచుకుని, గట్టిగా గాలి కొట్టి పంపారు. వచ్చినప్పటి నుంచీ వెనక ఫ్యాన్ కర్‌కర్ మంటోంది. అడిగితే "పాతదైపోయింది మేడమ్" అన్నారు. ఈసారి నేనే చేసుకుందామనుకున్నాను.

మొదట చేతికి దొరికింది వ్యాక్యూమ్ క్లీనర్. పైపు తగిలించి మూత తీయబోతూ ఎందుకైనా మంచిదని అక్క కొడుక్కి ఫోన్ చేశాను. వాడు హైదరాబాద్‌లో హార్డ్‌వేర్ పని చేస్తాడు.

"పిన్నీ, ఆ పైపు దించు ముందు" అన్నాడు.

ప్లాస్టిక్ గొట్టంలోంచి దుమ్ము, గాలి రాసుకుంటూ పోతే స్టాటిక్ కరెంటు పుడుతుందట. మన వేలికి చిటుక్కున తగిలినట్టు తెలియాలంటేనే దాదాపు 3,000 వోల్టులు ఉండాలి. చిప్పు పాడవడానికి అంతకంటే చాలా తక్కువ చాలు, మనకు తెలియను కూడా తెలియదు. పైగా చిప్పులన్నీ బిగించి ఉండే మదర్‌బోర్డు మీద గోరంత ముక్కలుంటాయి, వాటిని లాగేసుకున్నా దిక్కులేదు. హెయిర్ డ్రయ్యర్ సంగతి అడిగితే నవ్వాడు. వేడెక్కి చస్తున్న దానికి వేడిగాలా?

మా వారి సలహా వీధి చివర పంక్చర్ షాపు. అక్కడ కంప్రెసర్ ఉంది, పది రూపాయలిస్తే అయిపోతుందన్నారు. డబ్బా మోసుకెళ్లకుండా ముందు నేనొక్కదాన్నే వెళ్లి చూశాను. వెళ్లేసరికి షాపతను ట్యాంకు అడుగున చిన్న కుళాయి తిప్పుతున్నాడు. బుస్సుమంటూ గాలితో పాటు టీ డికాక్షన్ రంగు నీళ్లు పడ్డాయి, ఒక గ్లాసుడు.

"ఇవేంటి అన్నా?"

"గాల్లో తేమే అక్కా. నొక్కేసరికి నీళ్లయిపోద్ది. రోజూ తీయకపోతే ట్యాంకు తుప్పు పట్టుద్ది."

ఆ నీళ్లు చూశాక ఇక వేరే కారణం అక్కర్లేకపోయింది. టైరుకి తేమ తగిలితే ఏమీ కాదు. మదర్‌బోర్డు మీదికి తుప్పు నీళ్ల తుంపర, దాంతో పాటు కంప్రెసర్ నూనె! షాపువాళ్లు మా ఫ్యాన్ పాడుచేసింది కూడా ఇలాంటి గాలితోనే అయ్యుంటుందని అప్పుడు అనుమానం వచ్చింది.

తర్వాత గాలి డబ్బా తెప్పించాను, స్ప్రే డబ్బాలా సన్నటి ఎర్ర గొట్టంతో వస్తుంది. నాలుగొందల చిల్లర. పేరుకి గాలి గానీ, లోపలున్నది ద్రవంగా నొక్కిపెట్టిన వాయువు. కొన్నిటిలో డైఫ్లోరోఈథేన్ అని ఉంటుంది, నాకొచ్చిన దాని మీద బ్యూటేన్, ప్రొపేన్ అని రాసుంది, మన గ్యాస్ సిలిండర్‌లో ఉండేవే. పక్కనే మంట బొమ్మ. ఇదంతా నేను చదివింది కొట్టడం మొదలుపెట్టాక. సాయంత్రం ఆరున్నర, హాల్లో కూర్చుని రెండుసార్లు బుస్సుమనిపించాను, వెనకనుంచి అగ్గిపెట్టె చప్పుడు. అత్తయ్య దీపం పెట్టబోతున్నారు. "అత్తయ్యా, ఆగండాగండి!" అని నేను అరిచిన అరుపుకి ఆవిడ చేతిలో పెట్టె కిందపడింది. కిటికీలన్నీ తీసి, అరగంట తర్వాత దీపం వెలిగింది. "దేవుడి దీపం కంటే నీ మిషనే ఎక్కువైందా అమ్మాయ్" అన్నారు గానీ, విషయం చెప్పాక ఆవిడే ఆ డబ్బాని తీసుకెళ్లి వరండాలో పెట్టారు.

మర్నాడు వరండాలో మళ్లీ ప్రయత్నించాను. మూలకి అందక డబ్బా కాస్త వంచానో లేదో, గాలి బదులు ద్రవమే చిమ్మి, చిప్పు వేడిని లాగేసే హీట్‌సింక్ రేకుల మీద తెల్లగా మంచు పేరుకుంది. చెయ్యి అడ్డమొస్తే చర్మం కాలినట్టు అయ్యేది. డబ్బాని నిటారుగానే పట్టుకోవాలి, చిన్న చిన్న దెబ్బలుగా కొట్టాలి. అలా కొట్టినా డబ్బా చల్లబడి ఒత్తిడి పడిపోతుంది, ఆగాలి. ఆగి కొట్టేసరికి అయిపోయింది. పైపై దుమ్ము లేచింది, అసలుది కదల్లేదు. కీబోర్డుకి, ఎప్పుడైనా ల్యాప్‌టాప్‌కి ఇది బాగుంటుందేమో గానీ, ఏడేళ్ల నూనె దుమ్ముకి దీనితో పని జరగదు.

అప్పుడు బుర్రకెక్కింది: దుమ్మును ఊడదీయడం ఒక పని, బయటికి తరమడం ఇంకో పని. నేను రెంటికీ ఒకే వస్తువు వెతుకుతున్నాను. మన ఇల్లు మనం అలా ఊడుస్తామా? బూజు కర్ర వేరు, చీపురు వేరు.

తరమడానికి కరెంటు బ్లోయర్ కొన్నాను, 600 వాట్లది, పదిహేను వందలు పైచిలుకు. ఏసీ ఫిల్టర్లకి వాడేదే. కొనేటప్పుడు చూసుకోవాల్సింది వాట్లు కాదు, వేగం తగ్గించుకునే చక్రం ఉందా లేదా అనేది. అది లేనివి ఆన్ చేస్తే ఒక్కసారిగా పూర్తి బలంతో కొడతాయి. బ్యాటరీవి చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి, ధర రెట్టింపు, నాకెందుకు?

ఊడదీయడానికి బ్రష్. ఇది కొన్నది పెయింట్ల షాపులో, నలభై రూపాయలు. నైలాన్ కుచ్చువి పక్కన పెట్టి జంతువుల వెంట్రుకలతో చేసినవి అడిగాను, నైలాన్ రాస్తే స్టాటిక్ ఎక్కువ పుడుతుందని. షాపులోనే కుచ్చు పట్టుకుని లాగి చూశాను. మొదటి రెండిటికి చేతినిండా ఊడొచ్చాయి, మూడోది నిలిచింది. ఇంటికొచ్చాక దాని మెడ చుట్టూ ఉండే రేకు పట్టీకి ఇన్సులేషన్ టేపు చుట్టాను. ఆ రేకు బోర్డు మీద గీసుకుంటే బ్రష్ కొన్నందుకు బోర్డు కొనాలి. స్టాటిక్ రానివని నల్లగా ఉండే బ్రష్‌లు విడిగా అమ్ముతారు, దొరికితే అవి ఇంకా మంచివి.

మణికట్టుకి కట్టుకునే యాంటీ స్టాటిక్ పట్టీ కొననా అని అడిగితే మావాడు ఎదురు ప్రశ్న వేశాడు. "మీ ప్లగ్గులో ఎర్త్ వస్తోందా పిన్నీ?" ఆ పట్టీ ఎర్త్‌కే కదా తగిలించాలి. ఎన్నాళ్లుగానో వట్టికాళ్లతో కూర్చుని డబ్బా అంచు ముట్టుకుంటే చీమలు పాకినట్టు జుమ్మనేది. కంప్యూటర్లన్నీ అంతేననుకున్నాను. డబ్బా లోపల అన్నిటికీ కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌లో ఉండే ఫిల్టర్ ఎర్త్‌లోకి వదలాల్సిన కాస్త కరెంటు, ఎర్త్ లేక డబ్బా రేకులోనే నిలిచిపోతోందట. రేకు మీద 230లో దాదాపు సగం వోల్టులు ఉంటాయి, కరెంటు మాత్రం అతి తక్కువ కాబట్టి జుమ్మనడంతో సరిపోతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ విప్పితే మూడో పిన్నుకి అసలు వైరే లేదు. ఇల్లు కట్టినప్పటి నుంచీ అది ఉత్త కన్నం. వైరు లాగించాను, పట్టీ కొనలేదు. ప్లగ్గు పీకేసి, పని మధ్య మధ్యలో డబ్బా లోపలి రంగు లేని రేకుని ముట్టుకుంటూ చేశాను.

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి, ఎండెక్కకముందే డాబా మీదికి చేర్చాను. ప్లగ్గు తీసేశాక కూడా పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. ముక్కుకి మాస్క్, ఫోన్లో నాలుగు వైపులా ఫొటోలు, వీడియో కాల్‌లో అక్క కొడుకు. మూత తీయగానే అడుగున రెండు బల్లి గుడ్ల పెంకులు. వెనక ఒక ఖాళీ స్లాటుకి మూత లేదు, అదీ దారి.

గుండ్రటి హీట్‌సింక్ మీద ఫ్యాన్, దాని కింద ఏముందో పైనుంచి కనపడదు. గాలి డబ్బాతో నేను కొట్టింది చాలావరకు ఫ్యాన్ రెక్కలకే తగిలింది. నాలుగు మూలలా ఉన్న పిన్నులని బాణం గుర్తు వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగాలి. మూడు వచ్చాయి, నాలుగోది మొరాయించింది, మొత్తానికి వచ్చింది. హీట్‌సింక్, ఫ్యాన్ కలిసిన ఆ కూలర్‌ని తిప్పి ఫ్యాన్ విడదీస్తే, రేకులకీ ఫ్యాన్‌కీ మధ్య పొరలా, మధ్యలో చిల్లుతో, బూడిద రంగు గారె. బ్రష్ అంచుతో గీకితే ముక్కలవ్వకుండా మొత్తంగా లేచొచ్చింది. అడుగున హీట్‌సింక్ రేకుల గీతలన్నీ అచ్చు పడి ఉన్నాయి. దాన్లో దోమ రెక్కలు, నా వెంట్రుక ఒకటి, కుంకుమ నలుసులు. నూనెకి మెత్తగా, పాత పరుపులో దూదిలా ఉంది. ఏ బ్లోయరూ దాన్ని కదిలించేది కాదు, ఇంకా గట్టిగా లోపలికి నొక్కేది.

ఆ తర్వాతే బ్లోయర్. రెండో నంబరు మీద పెట్టి, జానెడు దూరం నుంచి. ఫ్యాన్లకి గాలి కొట్టేటప్పుడు రెక్కకి వేలు అడ్డం పెట్టాలి, లేకపోతే ఎన్నడూ తిరగనంత వేగంగా తిరిగి బేరింగ్ పోతుంది. డైనమోలా కరెంటు పుట్టించి బోర్డుకి పంపే ప్రమాదమూ ఉందని మావాడి మాట. ఎస్ఎంపీఎస్ మాత్రం విప్పనివ్వలేదు. ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది. జాలీలోంచి ఐస్‌క్రీం పుల్ల దూర్చి ఫ్యాన్‌ని ఆపి, బయటినుంచే గాలి కొట్టాను. అందులోంచి వచ్చిన మేఘం ఎటు పోయిందో నేను చూడలేదు. అత్తయ్య చూశారు. పిట్టగోడ పక్కన చీర మీద నిన్న పెట్టిన సగ్గుబియ్యం వడియాలున్నాయి. ఆవిడ ఏమీ అనలేదు, అదే భయమేసింది.

కూలర్ ఊడదీశాం కాబట్టి చిప్పు వేడిని హీట్‌సింక్‌కి అందించే పాత పేస్టు తుడిచి కొత్తది పెట్టాలి. పాతది ఎండిన సున్నంలా పెళుసెక్కింది. ఇంట్లో ఉన్న శానిటైజర్ వాడబోయాను, అందులో గ్లిజరిన్, నీళ్లు ఉంటాయని ఆపాడు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా ముందే తెప్పించి ఉంచాడు, కళ్లజోడు తుడిచే గుడ్డతో అద్దంలా వచ్చింది. ఫ్యాన్ రెక్కల నూనె జిడ్డుకీ అదే పనికొచ్చింది. కొత్త పేస్టు కందిగింజంత. పిన్నులు ఎదురెదురు మూలల జతగా టిక్కుమనేదాకా నొక్కాలి. నొక్కుతుంటే బోర్డు వంగుతుంది, ప్రాణం లేచొచ్చింది.

ఆన్ చేస్తే, విండోస్ కంటే ముందు వచ్చే బయోస్ తెర మీదే 88 డిగ్రీలు. నా చేత్తో చంపేశాననుకున్నాను. ఫోన్లో ఫొటో పెద్దది చేసి చూసి "ఎడమ కింద పిన్ను ఎత్తుగా ఉంది చూడు" అన్నాడు. టిక్కుమన్నది మూడే, నాలుగోది నేను వినాలనుకుని విన్నది. మళ్లీ విప్పి, మళ్లీ తుడిచి, మళ్లీ కందిగింజ. ఈసారి 43.

మధ్యాహ్నం అదే పుస్తకం పీడీఎఫ్ చేస్తే 71 దాటలేదు, గదిలో వేడి 36 ఉండగా. డబ్బా ముందు వైపు గాలి పీల్చే చోట దోమతెర ముక్క అంటించాను, వెనక ఖాళీ స్లాటుకి మూత తెచ్చి బిగించాను. తెరని పదిహేను రోజులకోసారి తీసి ఉతుకుతున్నాను.

వెనక ఫ్యాన్ ఇంకా కర్‌కర్ మంటూనే ఉంది. కొత్త 120 మిల్లీమీటర్లది ఆర్డర్ పెట్టాను. వ్యాక్యూమ్ క్లీనర్‌కి ఆ ఆదివారం దొరికిన పని డాబా మీద రాలిన దుమ్ము లాగడం. వడియాలు అత్తయ్య మళ్లీ పెట్టారు, ఈసారి వరండాలో.