గాలికి వదిలేసిన పిన్ను

మాది హనుమకొండ. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల నిండా మిర్చి బస్తాలుంటాయి. ధర కోసం నెలల తరబడి సరుకు దాచుకున్న రైతుకు గది చల్లదనం ఎప్పుడు తప్పిందో వెంటనే తెలియాలి. అందుకే ఉష్ణోగ్రత, తేమ కొలిచి 4జీ మీద పంపే చిన్న గేట్‌వే బోర్డు చేయడానికి కూర్చున్నాను.

లినక్స్ నడిచే ప్రాసెసర్, దానికి కరెంటు పంచే పీఎంఐసీ. మొబైల్ రిపేర్ షాపుల్లో పవర్ ఐసీ అనేది దీన్నే. నేను తీసుకున్న దాంట్లో మూడు బక్ కన్వర్టర్లు, నాలుగు ఎల్‌డీవోలు. రెండూ వోల్టేజీని తగ్గించి నిలకడగా ఇచ్చేవే. బక్‌కు బయట ఇండక్టర్ అనే తీగచుట్ట కావాలి, ఎల్‌డీవోకు అక్కర్లేదు. నాకు కావాల్సింది రెండు బక్‌లు, రెండు ఎల్‌డీవోలు. మిగతావాటితో మనకేం పని అనుకుని వాటి పిన్నులన్నీ గాలికి వదిలేశాను. బక్-3, ఎల్‌డీవో-3 ఇన్‌పుట్‌లు మాత్రం పక్క పిన్నులతో పాటు సప్లైకి కలిసిపోయాయి. అది తెలిసి చేసింది కాదు.

బోర్డులు వచ్చాయి. దేనికీ ప్రాణం లేదు. ఆసిలోస్కోప్ పెడితే 3.3 వోల్టుల లైను లేస్తుంది, కొన్ని మిల్లీసెకన్లు నిలబడుతుంది, పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. లో వోల్టేజీలో మోటారు స్టార్టర్ పట్టీ పట్టక కొట్టుకున్నట్టే ఉంది. షార్టనుకున్నాను, లేదు. ఇండక్టర్ మార్చాను, అదే తీరు. నాలుగు రోజులు ప్రాసెసర్‌నే అనుమానిస్తూ గడిపాను. తప్పు నేను వాడిన లైన్లలో ఉందనుకున్నానే గాని, వాడని లైన్ల వైపు చూపే పోలేదు.

చివరికి చిప్ కంపెనీ ఇచ్చే వివరాల పత్రం, డేటాషీట్, మొదటి పేజీ నుంచి చదివితే విషయం బయటపడింది. ఏ అవుట్‌పుట్ ఎప్పుడు లేవాలన్నది చిప్‌లోని ఓటీపీలో, అంటే ఒక్కసారే రాయగల మెమరీలో, ఫ్యాక్టరీలోనే రాసి ఉంటుంది. నా చిప్‌లో బక్-3 కూడా ఆ వరుసలో ఉంది. దాని వంతు రాగానే చిప్ దాన్ని ఆన్ చేసి, అవుట్‌పుట్ వోల్టేజీని చూసుకునే ఫీడ్‌బ్యాక్ పిన్ మీద 1.8 వోల్టులు కనిపించాలని ఎదురుచూస్తుంది. ఇండక్టరే లేని చోట వోల్టేజీ ఎక్కడి నుంచి వస్తుంది? పవర్ గుడ్, అంటే వోల్టేజీ సరిగ్గా వచ్చిందన్న సంకేతం, రాలేదు కాబట్టి అన్నీ ఆపేసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. నేను వాడనని దానికి ఎవరు చెప్పారు?

ఇదే కారణమని రుజువు కావాలి. ఎల్‌డీవో-1 కూడా 1.8 వోల్టులే, పైగా వరుసలో ముందే లేస్తుంది. దాన్ని బక్-3 ఫీడ్‌బ్యాక్ పిన్నుకు అందిస్తే సరిపోతుంది. అంత సన్నని పిన్నుకు తీగ అతికించడం నా చేతిలో పని కాదు. చౌరస్తాలో మొబైల్ రిపేర్ చేసే అన్న దగ్గరికి వెళ్లాను. మైక్రోస్కోప్ కింద చూసి, "గీ కాలు గిట్ల గాలికి ఇడిశిపెట్టినవేంది తమ్మీ?" అన్నాడు. "అక్కడికే జంపర్ కొట్టాలన్నా" అన్నాను. వెంట్రుక కన్నా సన్నని ఎనామిల్ తీగ కొసను వేడి టంకంలో ముంచి పూత కాల్చాడు. కాస్త ఫ్లక్స్ రాసి, ఊపిరి బిగబట్టి ఒక్కసారి అంటించాడు. సప్లై ఇచ్చాం. 3.3 లేచింది, నిలబడింది.

ఇది పరీక్షకే, అమ్మే బోర్డుకు కాదు. బక్‌ను ఆపినప్పుడు మిగిలిన ఛార్జ్ దించే రెసిస్టర్ చాలా చిప్‌లలో లోపలే ఉంటుంది. జంపర్ అలాగే ఉంటే ఆ రెసిస్టర్ ఎల్‌డీవో-1ను కిందికి లాగవచ్చు.

బోర్డు లేచాక ఉష్ణోగ్రత రీడింగ్ కుదురుగా లేదు. ఈసారి వాడని పిన్నుల నుంచే మొదలుపెట్టాను. ఎల్‌డీవో-3 కూడా ఓటీపీలో ఆన్‌లోనే ఉంది, దాని అవుట్‌పుట్‌కు నేను కెపాసిటర్ పెట్టలేదు. స్థిరంగా ఉండలేక ఊగుతోంది, ఆ రొద సెన్సర్ సప్లైలోకి దిగుతోంది. 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ అతికిస్తే సద్దుమణిగింది. వాడనిది కదా అని గ్రౌండ్‌కు కలిపేస్తే ఇంకా ప్రమాదం: ఆన్‌లో ఉన్న ఎల్‌డీవోకు అది అచ్చంగా షార్టే. ఇండక్టర్ కలిసే బక్ స్విచ్ పిన్ను సంగతీ అంతే, దాన్ని ఖాళీగా వదలాలే తప్ప గ్రౌండ్‌కు కట్టకూడదు. ఫీడ్‌బ్యాక్ పిన్నును మాత్రం కొన్ని చిప్‌లు గ్రౌండ్‌కు కట్టమంటాయి, కొన్ని వేరేలా చెబుతాయి. ఆ చిప్ డేటాషీట్ ఏం చెబితే అదే చేయాలి.

వేరే ఓటీపీతో చిప్‌లు రాయించుకోవడం నాలాంటి చిన్న ఆర్డరుకు కుదరదు. రెండో బోర్డులో బక్-3కి ఇండక్టర్, కెపాసిటర్లు, ఎల్‌డీవో-3కి కెపాసిటర్ పెట్టేశాను. బూట్ అయ్యాక ప్రాసెసర్ ఈ చిప్‌తో మాట్లాడే రెండు తీగల లైను, ఐ2సీ, ద్వారా రెండింటినీ ఆపేస్తాను. ఎల్‌డీవో-4 మొదటి నుంచీ ఆఫ్‌లోనే ఉంటుంది. డేటాషీట్ చెప్పినట్టు దాని ఇన్‌పుట్ సప్లైకి కట్టి, అవుట్‌పుట్ ఖాళీగా వదిలాను.

అంతా అయిందనుకుంటే, బూటైన అర నిమిషానికి సెన్సర్ మాయం. ఈసారి చిప్ కాదు, లినక్స్. ఎవరూ అడగని రెగ్యులేటర్లను, అంటే ఈ బక్‌లు, ఎల్‌డీవోలను, లినక్స్ గుండెకాయైన కెర్నల్ బూట్ తర్వాత 30 సెకన్లు ఆగి తనంతట తానే ఆపేస్తుంది. సెన్సర్‌కు కరెంటిచ్చే ఎల్‌డీవో-2ను ఎవరు వాడుతున్నారో డివైస్ ట్రీలో, అంటే బోర్డు మీద ఏముందో లినక్స్‌కు చెప్పే ఫైల్లో, నేను రాయలేదు. సెన్సర్ సప్లైగా దాన్ని చూపించి, 'రెగ్యులేటర్-ఆల్వేస్-ఆన్' అని ఒక వరుస చేర్చాను.

ఇప్పుడు నా స్కీమాటిక్‌లో, అంటే సర్క్యూట్ బొమ్మలో, వాడని ప్రతి పిన్ను పక్కనా మూడు విషయాలు రాసి ఉంటాయి: ఓటీపీలో అది ఆన్ లేక ఆఫ్, దేనికి కట్టాను, డేటాషీట్‌లో ఏ పేజీ. జంపర్ ఉన్న మొదటి బోర్డును అన్న అడిగి తీసుకున్నాడు. అది ఆయన మైక్రోస్కోప్ పక్కనే ఉంది.