పరుగు రోజు సంగటి ముద్ద

ప్రతి ఆదివారం బెంగళూరు లాల్‌బాగ్‌లో పన్నెండు కిలోమీటర్లు పరుగెత్తుతాను. పోయిన ఏడాది బరువు తగ్గాలని రాత్రిపూట అన్నం పూర్తిగా మానేశా. మూడో వారానికి, కెంపేగౌడ గోపురం ఉన్న బండ ఎక్కుతుంటే కళ్లు తిరిగాయి. అనంతపురం నుంచి అమ్మ ఫోన్లో ఒకటే మాట: "కూడు మానేసి పరిగెత్తితే ఎట్లరా?"

అమ్మ మాటే నిజం. మనం తిన్న పిండిపదార్థంలో కొంత కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది. గట్టిగా పరుగెత్తేటప్పుడు ఒంటికి ప్రధానమైన ఇంధనం అదే. రాత్రి నింపకపోతే పొద్దున ఎక్కడినుంచి వస్తుంది?

మానడం కాదు, కొలవడం నేర్చుకున్నా. 100 గ్రాముల వండిన అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం. మా ఇంటి గరిటెను కాటా మీద తూచా, 90 గ్రాములు పట్టింది. శనివారం రాత్రి మూడు గరిటెలు. ఆఫీసులో కుర్చీకే అతుక్కుపోయే రోజుల్లో ఒకటిన్నర; మిగతా కంచమంతా గోంగూర పప్పు, బీరకాయ కూర, ఒక గుడ్డు.

రాగి సంగటి తింటే పిండిపదార్థం తక్కువని చాలామంది అనుకుంటారు. అది తప్పు. రాగుల్లోనూ మూడింట రెండొంతులు అదే, పైగా మనం నూకలు కూడా వేస్తాం. పీచు, కాల్షియం ఎక్కువన్నది మాత్రం నిజం. అందుకే ముద్దనూ కొలిచే తింటా.

మా నాన్నకు షుగర్. ఆయన కంచానికి నా లెక్క పనికిరాదు, డాక్టరు చెప్పిందే కొలత.

పరుగయ్యాక దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న హోటల్లో, మిత్రులు చౌచౌబాత్ (ఉప్మా, కేసరి కలిపిన ప్లేటు) చెబుతారు. నేను రెండు ఇడ్లీలు, గిన్నె నిండా సాంబారు.