గెయిట్ (నడక) చాప్టర్ నేను చదివిన పద్ధతి: ఎంపీటీ ఎంట్రన్స్ రాసే ఫిజియో మిత్రులకు

ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) ఎంట్రన్స్‌కి, ఫిజియోథెరపిస్ట్ పోస్టుల రాత పరీక్షలకి ప్రిపేర్ అవుతున్న జూనియర్లు చాలామంది నన్ను ఒకటే అడుగుతున్నారు. "అక్కా, బయోమెకానిక్స్‌లో గెయిట్ ఎన్నిసార్లు చదివినా గుర్తుండటం లేదు, ఏం చేయమంటావ్?" అని. విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాస్తే అందరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఈ చాప్టర్‌లో బట్టీ పట్టక తప్పనివి కొన్ని ఉన్నాయి. వాటిని త్వరగా ముగించేయండి. మిగతాదంతా ఒక్క గీతతో రాబట్టుకోవచ్చు. నేల పాదాన్ని తిరిగి నెట్టే బలాన్ని చూపే గ్రౌండ్ రియాక్షన్ ఫోర్స్ వెక్టార్ అనే గీత అది. గెయిట్‌కి నేను పెట్టిన టైమ్‌లో ఎక్కువ భాగం ఆ గీత గీయడానికే పోయింది. అందుకు ఎంతో సంతోషం.

ముందు బట్టీ సంగతి. ఒక కాలు నేలకు తాకిన క్షణం నుంచి మళ్లీ అదే కాలు తాకేదాకా ఒక గెయిట్ సైకిల్. అందులో పాదం నేలమీద ఉండే స్టాన్స్ సుమారు 60 శాతం, గాల్లో ఉండే స్వింగ్ 40 శాతం. రెండు కాళ్లూ నేలమీద ఉండే డబుల్ సపోర్ట్ ఒక సైకిల్‌లో రెండుసార్లు వస్తుంది, ఒక్కోటి సుమారు 10 శాతం. వేగం పెరిగేకొద్దీ డబుల్ సపోర్ట్ తగ్గుతుంది. పరుగులో అసలే ఉండదు. ఈ చివరి మాట మీద బిట్లు తరచూ వస్తాయి. ఒక పుస్తకంలో 60 అని, ఇంకో పుస్తకంలో 62 అని ఉంటుంది. దాని గురించి టెన్షన్ పడకండి. ఒక పుస్తకం పట్టుకుని, ఆ అంకెలే మొదటి నుంచి చివరిదాకా రాయండి.

దశల పేర్లు రెండు రకాలు. హీల్ స్ట్రైక్, ఫుట్ ఫ్లాట్, మిడ్ స్టాన్స్, హీల్ ఆఫ్, టో ఆఫ్ అనేవి పాతవి. కాలిఫోర్నియాలోని రాంచో లాస్ అమిగోస్ ఆసుపత్రిలో జాక్వెలిన్ పెర్రీ బృందం తయారు చేసినవి రెండోవి. ఇనిషియల్ కాంటాక్ట్, లోడింగ్ రెస్పాన్స్, మిడ్ స్టాన్స్, టెర్మినల్ స్టాన్స్, ప్రీ స్వింగ్, ఆ తర్వాత స్వింగ్‌లో మూడు. నా సలహా రెండోవాటితోనే చదవమని. కారణం ఉంది. పాదం చచ్చుబడిన పేషెంట్‌కి మడమ ముందు తగలదు, వేళ్లు తగులుతాయి. అక్కడ "హీల్ స్ట్రైక్" అని రాయలేం, "ఇనిషియల్ కాంటాక్ట్" అంటే ఎవరికైనా సరిపోతుంది. ప్రశ్న పాత పేర్లతో వస్తే జవాబు కూడా పాత పేర్లతోనే మొదలుపెట్టి, పక్కన రాంచో పేరు రాయండి.

లెక్కలు సులువు. నిమిషానికి 110 అడుగులు, ఒక అడుగు పొడవు 0.7 మీటర్లు అనుకుంటే నిమిషానికి 77 మీటర్లు, అంటే సెకనుకు సుమారు 1.28 మీటర్లు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల మామూలు నడక వేగం ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. స్ట్రైడ్ అంటే రెండు అడుగులు కాబట్టి 1.4 మీటర్లు. స్టెప్పుకీ స్ట్రైడ్‌కీ తేడా మర్చిపోతే ఇలాంటి లెక్కలన్నీ సగానికి సగం తేడా వస్తాయి. ఇదే లెక్కలో ఒక సైకిల్‌కి పట్టే టైమ్ సుమారు 1.1 సెకన్లు. అంటే లోడింగ్ రెస్పాన్స్ అనే దశ మొత్తం సెకనులో పదో వంతులో అయిపోతుంది. ఆ పదో వంతులో కాలు ఎంత పని చేస్తుందో తెలిసినప్పటి నుంచి నాకు ఈ సబ్జెక్ట్ మీద గౌరవం పెరిగింది.

ఇప్పుడు గీత.

తెల్లకాగితం మీద ఐదు కాళ్లు పక్కనుంచి చూసినట్టు గీయండి. స్టాన్స్‌లో ఉన్న దశలు ఐదు కాబట్టి ఐదే చాలు. తుంటికి, మోకాలికి, చీలమండకి మూడు చుక్కలు, కింద పాదం. బొమ్మ అందంగా రానక్కర్లేదు. పాదం నేలను నొక్కుతున్న చోటు నుంచి పైకి, శరీరపు గరిమనాభి వైపుకి ఎర్ర పెన్నుతో బాణం గీయండి. ప్రతి కీలు దగ్గరా ఒకటే ప్రశ్న: ఈ బాణం కీలుకి ముందు నుంచి పోతోందా, వెనక నుంచి పోతోందా? బాణం కీలుని ఎటు వంచాలని చూస్తోందో తెలిస్తే, దాన్ని ఆపాల్సిన కండరం అటువైపు కాక ఇంకోవైపు ఉంటుంది.

లోడింగ్ రెస్పాన్స్ చూడండి. బరువు మడమ మీద ఉంది, అది చీలమండకి వెనక. బాణం పాదాన్ని కిందికి వాల్చేస్తుంది. పాదం టపీమని పడకుండా మోకాలి కింద ముందువైపు ఉండే టిబియాలిస్ యాంటీరియర్ ఎక్సెంట్రిక్‌గా, అంటే సాగుతూనే బలం పెట్టి పనిచేస్తూ మెల్లగా దించుతుంది. మోకాలి దగ్గర బాణం వెనక నుంచి పోతుంది, మోకాలు వంగబోతుంది. తొడ ముందు కండరం క్వాడ్రిసెప్స్ దాన్ని 15 నుంచి 20 డిగ్రీల దగ్గర పట్టి ఆపుతుంది. తుంటి దగ్గర బాణం ముందు నుంచి పోతుంది కాబట్టి పిరుదులోని గ్లూటియస్ మాక్సిమస్, తొడ వెనక ఉండే హామ్‌స్ట్రింగ్స్ పని. నాలుగు కండరాల పేర్లు, మూడు కీళ్ల దగ్గర వాటి పని, ఒక్క బొమ్మలోంచి వచ్చేశాయి.

మిడ్ స్టాన్స్ నాకు చాలా ఇష్టమైన దశ. శరీరం పాదం మీదుగా ముందుకు సాగేకొద్దీ బాణం చీలమండకి ముందుకు వస్తుంది. ఇప్పుడు టిబియా (మోకాలి కింది ఎముక) ముందుకు పడిపోకుండా పిక్కలోని సోలియస్ వెనక్కి పట్టి ఉంచుతుంది. కింద టిబియా నెమ్మదిస్తే పైన తొడ ముందుకు పోతుంది, దాంతో మోకాలు తనంతట తానే నిటారవుతుంది. బాణం మోకాలికి ముందుకు రాగానే క్వాడ్రిసెప్స్‌కి ఇక పని లేదు. మిడ్ స్టాన్స్ సగం దాటాక అది నిశ్శబ్దంగా ఉంటుందని ఈఎంజీలో (కండరాల విద్యుత్ సంకేతాల రికార్డులో) కనిపిస్తుంది. మోకాలిని నిలబెడుతున్నది పిక్క కండరం! "మోకాలు దాటని కండరం మోకాలిని ఎలా నిటారుగా ఉంచుతుంది?" అని ప్రశ్న వస్తే ఇదే జవాబు.

టెర్మినల్ స్టాన్స్‌లో మడమ లేస్తుంది, చీలమండ సుమారు 10 డిగ్రీల డార్సీఫ్లెక్షన్‌లో (పాదం ముందువైపు కాలివైపుకి వంగి) ఉంటుంది, పిక్క కండరాలు గరిష్ఠంగా పనిచేసేది ఇక్కడే. తుంటి వెనక్కి చాచుకుంటుంది. ప్రీ స్వింగ్‌లో బరువు రెండో కాలికి మారిపోతుంటే ఈ మోకాలు దాదాపు 40 డిగ్రీలు వంగుతుంది, చాలావరకు దానంతట అదే.

స్వింగ్‌లో కాలు గాల్లో ఉంటుంది కాబట్టి బాణం లేదు. ఇక్కడ రెండు సంగతులు గుర్తుంటే చాలు. ఇనిషియల్ స్వింగ్‌లో మోకాలు 60 డిగ్రీలు వంగుతుంది, టెర్మినల్ స్వింగ్‌లో హామ్‌స్ట్రింగ్స్ కాలిని వెనక్కి లాగి వేగం తగ్గిస్తాయి. మిడ్ స్వింగ్‌లో కాలివేళ్లకీ నేలకీ మధ్య ఖాళీ ఒకటి రెండు సెంటీమీటర్లే ఉంటుంది. పెద్దవాళ్లు చదునైన గదిలో కూడా పట్టా అంచు తగిలి ఎందుకు పడిపోతారో ఆ అంకె చెబుతుంది.

గీత విలువ నాకు పూర్తిగా అర్థమైంది ఆసుపత్రి పోస్టింగ్‌లో. చిన్నప్పుడు పోలియో వచ్చిన ఒకాయన ఓపీడీకి వచ్చేవారు. ఎడమ కాలి మీద బరువు పడే ప్రతిసారీ ఆయన అరచేయి మోకాలికి కాస్త పైన తొడ మీద ఆనేది, వెనక్కి నొక్కేది. నడుము కొంచెం ముందుకు వంగేది. ప్యాంటు మీద సరిగ్గా ఆ చోటే గుడ్డ అరిగి రంగు పోయి ఉంది. ఆయనకి క్వాడ్రిసెప్స్ లేదు. బాణం మోకాలికి వెనక ఉన్న ఆ కొద్ది క్షణాల్లో మోకాలు కూలిపోకుండా, చేత్తో తొడని వెనక్కి తోస్తూ, ఒంటిని ముందుకు వంచి బాణాన్నే మోకాలికి ముందుకి తెచ్చుకుంటున్నారు. ఎవరూ నేర్పకుండా ఆయన శరీరం కనిపెట్టుకున్న బయోమెకానిక్స్ అది. 2014 మార్చి 27న భారతదేశాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. కొత్త కేసులు దాదాపు లేకపోయినా, ఆ నడకతో బతుకుతున్నవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. పరీక్షలోనూ "హ్యాండ్ టు నీ గెయిట్" ప్రశ్న ఇంకా వస్తోంది.

ఇక ముందు నుంచి చూసే బొమ్మ. ఒంటికాలి మీద ఉన్నప్పుడు పెల్విస్ (కటి ఎముకల గూడు) రెండోవైపు వాలిపోకుండా తుంటి పక్కనుండే గ్లూటియస్ మీడియస్ పట్టుకుంటుంది. ఈ లెక్క ఒకసారి చేత్తో చేయండి. మనిషి బరువు 60 కిలోలు. నిలబడిన కాలు బరువు సుమారు ఆరో వంతు తీసేస్తే మిగిలింది 50 కిలోలు. ఆ బరువు తుంటి కీలుకి 10 సెంటీమీటర్ల దూరంలో, కండరం 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. అప్పుడు కండరం 100 కిలోల బలంతో లాగాలి. కీలు మీద పడేది 100, 50 కలిపి 150. శరీర బరువుకి రెండున్నర రెట్లు! ఇప్పుడు చేతికర్ర ఎదుటి చేతిలో ఎందుకు పట్టుకోవాలో చూడండి. నొప్పి ఉన్న తుంటికి అది ఎంతో దూరంలో ఉంటుంది కాబట్టి, కొద్దిగా ఆనుకున్నా కండరం పని బాగా తగ్గుతుంది. మన దగ్గర చాలామంది పెద్దలు నొప్పి ఉన్న వైపే కర్ర పట్టుకుంటారు. ఇది పరీక్షకి మాత్రమే కాదు, దయచేసి మీ ఇంట్లోవాళ్లకి కూడా చెప్పండి.

ఈ కండరం బలహీనమై పెల్విస్ వాలిపోయే ట్రెండెలెన్‌బర్గ్ గెయిట్ దగ్గర ఒక్క మాట. పెల్విస్ ఏ వైపు వాలిందో ఆ వైపు కండరం బలహీనం కాదు, నిలబడి ఉన్న కాలి వైపుది. ఆ కండరానికి వెళ్లే నరం సుపీరియర్ గ్లూటియల్. ఒంటిని బలహీనమైన వైపుకే ఊపుతూ నడిస్తే అది కాంపెన్సేటెడ్, అంటే బలహీనతని సర్దుకున్న నడక.

కీళ్ల కోణాల గ్రాఫుల్లో తుంటికి ఒకే అల, మోకాలికి రెండు, చీలమండకి నాలుగు మలుపులు అని గుర్తుపెట్టుకుంటే ఏ గ్రాఫ్ ఇచ్చినా గుర్తుపట్టొచ్చు. నిలువు గ్రౌండ్ రియాక్షన్ ఫోర్స్‌ది రెండు శిఖరాల బొమ్మ. శిఖరాలు శరీర బరువులో 110 నుంచి 120 శాతం, మధ్య లోయ సుమారు 80 శాతం. గరిమనాభి మిడ్ స్టాన్స్‌లో అన్నిటికన్నా ఎత్తులో ఉంటుంది, కానీ ఫోర్స్ అక్కడే తక్కువ. ఎత్తుకి చేరి కిందికి మళ్లుతోంది కాబట్టి నేల మీద భారం తగ్గుతుంది. ఈ రెండింటినీ కలిపి అడిగితే తడబడకండి.

డిటర్మినెంట్స్ ఆఫ్ గెయిట్ (నడకని నిర్ణయించే అంశాలు) పది మార్కులకి వచ్చే ప్రశ్న. 1953లో సాండర్స్, ఇన్‌మన్, ఎబర్‌హార్ట్ ఆరు చెప్పారు: పెల్విస్ తిరగడం, పెల్విస్ వాలడం, స్టాన్స్‌లో మోకాలు వంగడం, పాదం పని, మోకాలి పని, పెల్విస్ పక్కకి జరగడం. వీటివల్ల గరిమనాభి పైకీ కిందికీ ఊగడం 5 సెంటీమీటర్లకి అటూ ఇటూగా ఉంటుందని వాదన. చాలామంది అక్కడితో ఆపేస్తారు. మీరు ఇంకో రెండు వాక్యాలు రాయండి. 1990లలో గార్డ్, చిల్డ్రెస్ కొలిచి చూస్తే పెల్విస్ వాలడం, మోకాలు వంగడం ఆ ఊపుని తగ్గించడంలో పెద్దగా పాత్ర పోషించడం లేదని తేలింది. నిటారు కాలి మీద తిరగేసిన పెండ్యులంలా శరీరం సాగడమే ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. నా దృష్టిలో ఆరింటినీ రాయాలి, కానీ వాటిని నడకకి కారణాలుగా కాక, నడకలో కనిపించే కదలికలుగా రాయాలి. దిద్దేవాళ్లకి ఆ తేడా తెలిసిపోతుంది.

వైవాలో నన్ను ఎగ్జామినర్ నడవమన్నారు. నాలుగడుగులు వేశాక "ఆగు" అన్నారు. "ఇప్పుడు నీ కుడి కాలు ఏ దశలో ఉంది? క్వాడ్రిసెప్స్ పనిచేస్తోందా?" మడమ లేచి ఉంది, ఎడమ కాలు ఇంకా నేలకు తాకలేదు. టెర్మినల్ స్టాన్స్ అన్నాను. బాణం మోకాలికి ముందుంది, క్వాడ్రిసెప్స్ అక్కర్లేదు, పిక్క చూసుకుంటోంది అన్నాను. బొమ్మ గీసిన అలవాటు వల్లే అంత ధైర్యంగా చెప్పగలిగాను. మీరూ ఇంట్లో ఎవరినైనా ఇలా ఆపి అడగమనండి. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసుకుని, ఒక్కో ఫ్రేమ్ మీద బాణం ఎటుపోతుందో ఊహించండి. బస్టాండ్‌లో కూర్చున్నా, ఆసుపత్రి వరండాలో నిలబడినా ఈ సాధన ఆగక్కర్లేదు.

చివరి వారంలో నేను కొత్తగా ఏమీ చదవలేదు. ఒక్కో కండరం లేకపోతే నడక ఎలా మారుతుందో బాణంతో రాబట్టి ఒక పేజీలో రాసుకున్నాను. మీరు మొదలుపెట్టడానికి మూడు ఇస్తున్నాను, పుస్తకం తెరవకుండా బొమ్మ గీసి జవాబు రాయండి. సోలియస్ బలహీనమైతే మిడ్ స్టాన్స్ తర్వాత మోకాలు ఏమవుతుంది, క్వాడ్రిసెప్స్ మీద భారం పెరుగుతుందా తగ్గుతుందా? గ్లూటియస్ మాక్సిమస్ లేనివాళ్లు మడమ తాకగానే ఒంటిని వెనక్కి ఎందుకు వంచుతారు? టిబియాలిస్ యాంటీరియర్ కొంచెం బలహీనమైతే పాదం టపీమని పడుతుంది, పూర్తిగా పోతే తొడని ఎత్తెత్తి నడుస్తారు. ఈ రెండూ సైకిల్‌లో ఏయే దశల్లో కనిపిస్తాయి?