మంచుకొండకి వెళ్లే డెల్టా క్లబ్ ఆగస్టులో మొదలుపెట్టాల్సిన పనులు

భీమవరం, అమలాపురం, కాకినాడ కాలేజీల్లో ట్రెక్కింగ్ క్లబ్ నడిపేవాళ్లకి ఒక చిక్కుంది. ధవళేశ్వరం దిగువన ఎటు చూసినా చదునే. ఎత్తంటే కాలవగట్టు, లేదంటే రైల్వే ఫ్లైఓవరు. జనవరి తెల్లవారుజామున కూడా 18 డిగ్రీల కిందికి దిగితే చలి ఎక్కువగా ఉందని చెప్పుకుంటాం. ఇక్కడ పెరిగిన పిల్లల్ని సంక్రాంతి సెలవులకి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకి తీసుకెళ్తారు. శిఖరం సుమారు 3,800 మీటర్లు. రాత్రుళ్లు క్యాంపులో సున్నాకి దిగువన 5 నుంచి 10 డిగ్రీల దాకా ఉంటుంది.

బయల్దేరే ముందు అందరి ధ్యాసా జాకెట్ మీదే. ఎంత మందంది కొనాలి, ఎక్కడ చవక అన్నవే ప్రశ్నలు. మన పిల్లల్ని చలి కన్నా ముందు దెబ్బతీసేది తడి. ఒంటి మీద చెమట, నానిన సాక్స్, బీరువాలో ముక్కిపోయిన స్లీపింగ్ బ్యాగ్, ఇవన్నీ తడి లెక్కే. క్లబ్ ఇచ్చే శిక్షణ చాలావరకు దీని చుట్టూ తిరగాలి.

కారణం సులువు. ఒంట్లో వేడిని గాలి కన్నా నీరు దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. డెల్టా ఉక్కలో చెమట ఎలాగూ ఆరదు కాబట్టి తడి చొక్కాతో రోజంతా తిరగడం మనకి అలవాటు. అదే అలవాటుతో మంచులో రెండు స్వెటర్లు, పైన జాకెట్ వేసుకుని ఏటవాలు ఎక్కితే ఇరవై నిమిషాల్లో లోపలి చొక్కా తడుస్తుంది. ఎక్కుతున్నంతసేపూ తెలియదు. టీ తాగడానికి ఆగిన ఐదు నిమిషాల్లో వణుకు మొదలవుతుంది. అందుకే నడక మొదలుపెట్టేటప్పుడు కాస్త చలిగా అనిపించాలి. పావుగంట నడిచాక అందరినీ ఆపి ఒక పొర తీయించాలి, ఆగిన వెంటనే మళ్లీ వేయించాలి. ఎవరికి వాళ్లు తీస్తారులే అని వదిలేస్తే ఎవరూ తీయరు, బృందం వెనకబడుతుందని మొహమాటపడతారు. లీడరే ఆపి చెప్పాలి.

ఒంటికి ఆనుకునే పొరలో నూలు వద్దు. కాటన్ బనీను, జీన్స్, మెడలో తువ్వాలు మూడూ నీళ్లు పీల్చుకుని వదలవు. లోపల పాలిస్టర్ లేదా మెరినో ఉన్ని, మధ్యలో ఫ్లీస్ (నూగున్న మెత్తటి సింథటిక్ బట్ట), ఆగినప్పుడు వేసుకోవడానికి డౌన్ (మెత్తటి పక్షి ఈకలు నింపిన) జాకెట్, గాలికీ మంచుకీ పైన ఒక షెల్ (గాలీ తడీ లోపలికి రానివ్వని పల్చటి పై కోటు). మామూలు క్రికెట్ జెర్సీ కూడా లోపలి పొరగా పనికొస్తుంది, 2,000 రూపాయలు పెట్టి థర్మల్ కొనక్కర్లేదు. పడుకునేటప్పుడు వేసుకునే జత, ఒక సాక్స్ జత విడిగా ప్లాస్టిక్ కవర్లో కట్టి ఉంచాలి. పగలు ఎంత తడిసినా ఆ కవరు విప్పకూడదు. ఈ ఒక్క నియమం మీద పట్టుగా ఉండండి.

కొండ లేనప్పుడు మెట్లే దిక్కు. కాలేజీ భవనంలో ఒక అంతస్తు సుమారు 3 మీటర్లు. కింది నుంచి నాలుగో అంతస్తు దాకా ఎక్కితే 12 మీటర్లు. శిఖరం రోజున 400 మీటర్లు ఎక్కాలనుకుంటే అది 33 సార్లు ఎక్కి దిగడంతో సమానం. ఆగస్టులో వీపు మీద ఏమీ లేకుండా 8 సార్లతో మొదలుపెట్టి, వారానికి మూడేసి పెంచుకుంటూ పోతే అక్టోబరుకి 30 దాటుతారు. బరువు సెప్టెంబరు నుంచి. రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు పెడితే 4 కిలోలు, అలా మెల్లగా 9 కిలోల దాకా. వారంలో రెండు రోజులు మెట్లు, రెండు రోజులు పరుగు చాలు. నవంబరు చివరికి 5 కిలోమీటర్లు 35 నిమిషాల్లోపు ఆగకుండా పరిగెత్తగలగాలి. అది కుదరనివాళ్లకి ఆ ఏడాది వద్దని చెప్పేయడం మంచిది.

మెట్ల దగ్గర చాలా క్లబ్బులు సగమే చేస్తున్నాయి. ఎక్కడానికి లెక్క ఉంటుంది, దిగడానికి లిఫ్టు ఉంటుంది. మోకాళ్లు పాడయ్యేది దిగేటప్పుడే. తొడ కండరం సాగుతూ బరువు మోయడం వేరే పని, దానికి ఎక్కడం సాధన కాదు. మొదటిసారి బరువుతో దిగిన రెండో రోజున తొడలు పట్టేస్తాయి. అదే పనిని వారం వారం చేస్తే ఆ నొప్పి బాగా తగ్గిపోతుంది. కొండ మీద పట్టేయడం కన్నా కాలేజీలో పట్టేయడం నయం కదా. కాబట్టి దిగడానికీ లెక్క రాయండి. మొదటి నెల ఖాళీ వీపుతో దిగనివ్వండి, అప్పుడే బరువుతో దిగితే కీళ్ల మీద పడుతుంది.

కోరుకొండ నరసింహస్వామి గుడి మెట్లు నిటారుగా ఉంటాయి, నెలకోసారి తెల్లారకుండా వెళ్లి రావచ్చు. అంతర్వేది, ఓడలరేవు తీరాల్లో పొడి ఇసుక మీద గంటన్నర నడక కూడా పెట్టుకోండి. కూరుకుపోయే మంచులో కాలు ఎత్తి వేయడానికి కావలసిన పిక్క బలం అక్కడే వస్తుంది.

చేతులకి చలి అలవాటు చేయడానికి మన దగ్గర ఒక మంచి సాధనం ఉంది, ఐసు ఫ్యాక్టరీ. చేపలు, రొయ్యలు పంపే థర్మోకోల్ పెట్టెలో దంచిన ఐసు, నీళ్లు పోసి, చేతులు ఒక్క నిమిషం ముంచి తీయించండి. వెంటనే హెడ్‌ల్యాంపులో బ్యాటరీ మార్చడం, బూటు లేసు కట్టడం, మైక్రోస్పైక్స్ (మంచు మీద జారకుండా బూటుకి వేసే ఇనుప ముళ్లు) తొడగడం చేయించండి. వేళ్లు మాట వినవు. అది ముందే తెలిసిన పిల్లలు కొండ మీద గ్లవ్స్ తీయకుండా పని చేసే దారి వెతుక్కుంటారు, జిప్పులకి తాడు ముక్కలు కట్టుకుంటారు. చల్లటి నీళ్లు తగిలితే వేళ్లు తెల్లబడిపోయేవాళ్లు ఉంటారు, వాళ్లతో ఈ సాధన చేయించకూడదు. వాళ్లని డాక్టర్‌కి చూపించాలి.

సామాను దగ్గర తేమ చేసే నష్టం ఇంకా ఎక్కువ. ట్రెక్కింగ్ బూట్ల అడుగున మధ్య పొర చాలావాటిలో పాలీయురేథేన్. గాలిలో తేమకి అది ఏళ్ల తరబడి లోపల్లోపల విరిగిపోతుంది. సీనియర్లు వదిలేసి వెళ్లిన బూటు పైకి కొత్తదానిలా ఉంటుంది, నడక మొదలయ్యాక రెండో రోజున సోల్ ఊడి చేతికొస్తుంది. మన కోస్తా ఉక్కలో ఇది మామూలు కన్నా త్వరగా జరుగుతుంది. బూటు ఇచ్చే ముందు పక్కనుంచి బొటనవేలితో నొక్కండి. పొడి రాలినా, సన్న పగుళ్లు కనిపించినా పారేయండి. ప్రతి బృందం సంచిలో డక్ట్ టేపు, పది కేబుల్ టైలు ఉండాలి, ఊడిన సోల్‌ని క్యాంపు దాకా లాక్కురావడానికి. కొత్త బూటు కొంటే అక్టోబరులోపు కొనాలి, మందం సాక్స్ వేసుకుని సాయంత్రం పూట చూసుకోవాలి. దిగేటప్పుడు వేళ్లు ముందుకి తగలకుండా చోటుండాలి. రోజూ చెప్పులతో తిరిగే పాదాలకి బూటు అలవాటవడానికి కనీసం 50 కిలోమీటర్లు నడవాలి.

స్లీపింగ్ బ్యాగులు చిన్న సంచిలో కుక్కి దాచవద్దు. దూది దుప్పటికైనా డౌన్‌కైనా వేడినిచ్చేది లోపల నిలిచిన గాలే, నెలల తరబడి నొక్కితే ఆ ఉబ్బు తిరిగి రాదు. వదులైన నూలు సంచిలో వేలాడదీసి, తుపానులు వెళ్లాక నవంబరులో నీడపట్టున ఆరబెట్టాలి. బ్యాగు మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. ‘కంఫర్ట్’ అన్నదే చూడండి. ‘ఎక్స్‌ట్రీమ్’ అన్నది ప్రాణం నిలబడే హద్దు మాత్రమే, నిద్రపట్టే హద్దు కాదు. మైక్రోస్పైక్స్, గెయిటర్లు (బూట్లలోకి మంచు పోకుండా పిక్కలకి కట్టే తొడుగులు), ఊతకర్రలు నడక మొదలయ్యే ఊరు సాంక్రీలో అద్దెకి దొరుకుతాయి, క్లబ్ డబ్బు వాటి మీద పెట్టకండి.

రోప్ విషయంలో మాత్రం బేరం లేదు. చేపల చెరువులకీ పడవలకీ వాడే తాళ్లు గట్టిగానే ఉంటాయి కానీ వాటిలో చాలావరకు పాలీఇథిలీన్, పాలీప్రొపిలీన్. రాపిడి వేడికి నైలాన్ కన్నా చాలా ముందే కరుగుతాయి. వాటితో ర్యాపెల్లింగ్ (తాడు మీద రాతి గోడ దిగడం) చేయించకూడదు. అసలైన రోప్ కూడా వాడకపోయినా పదేళ్లు దాటితే తీసేయాలి. సముద్రగాలికి క్యారబైనర్ల (తాడుని తగిలించే లోహపు కొక్కేల) గేటు దగ్గర ఉప్పు పేరుకుంటుంది, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి.

ఇక ఆరోగ్యం. అక్టోబరులోనే రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ తక్కువున్న అమ్మాయిలు మన హాస్టళ్లలో చాలామంది ఉంటారు. మందులతో అది పెరగడానికి రెండు మూడు నెలలు పడుతుంది, డిసెంబరులో చూసుకుంటే లాభం లేదు. రంపచోడవరం, చింతూరు వైపు నుంచి వచ్చి చదువుకునే గిరిజన విద్యార్థులకి సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తవ్యాధి) పరీక్ష తప్పకుండా చేయించాలి. వ్యాధి లేకుండా వాహకులుగా మాత్రమే ఉన్నవాళ్లకి కింద ఏ ఇబ్బందీ కనిపించదు. ఎత్తులో ఆక్సిజన్ తగ్గినప్పుడు వాళ్ల ప్లీహం దెబ్బతినే ప్రమాదం ఉంది. ఫలితం డాక్టర్‌కీ ఆ విద్యార్థికీ మధ్యే ఉండాలి, నోటీసు బోర్డుకి ఎక్కకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్ల ఇన్‌హేలర్ జేబులో ఉండాలి, బ్యాగు అడుగున కాదు.

3,800 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి మన ఊళ్లో ఉన్నదానిలో మూడింట రెండొంతుల కన్నా తక్కువ. సముద్రమట్టం నుంచి వెళ్లేవాళ్లు 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదు. తలనొప్పితో పాటు వికారం, నీరసం ఉంటే అక్కడే ఆగాలి, తగ్గకపోతే దిగాలి. మడమకి వేలు ఆనించి గీత మీద పది అడుగులు వేయించండి. తూలితే మెదడులో వాపు మొదలైనట్టే. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. ఈ రెంటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా రాత్రైనా తోడిచ్చి దించేయాలి. ఎత్తు జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర డాక్టర్ చెప్తేనే. సల్ఫా మందులు పడనివాళ్ల సంగతి ముందే రాసి పెట్టుకోవాలి. వణికేవాడు వణకడం ఆపి మాట తడబడుతుంటే చలి ఒంట్లోకి దిగిందని గుర్తు. తడి బట్టలు తీసి, కింద మ్యాట్ వేసి, పొడి బ్యాగులో పడుకోబెట్టాలి, తెలివిగా ఉంటే వేడి తీపి నీళ్లు పట్టాలి. చేతులూ కాళ్లూ రుద్దకూడదు.

తిండికి మన ఇళ్లలో చేసేవే చాలు, కానీ ఎంచుకోవాలి. సున్నుండలో నెయ్యి గడ్డకట్టి రాయవుతుంది. తాపేశ్వరం కాజా పాకం కూడా అంతే. వేరుశనగ అచ్చు చిన్న ముక్కలుగా కొట్టి, ఖర్జూరంతో కలిపి జేబులో పెట్టుకుంటే ఒంటి వేడికి మెత్తగా ఉంటుంది. ముఖానికి కొబ్బరినూనె ఎండని ఆపదు, పైగా 24 డిగ్రీలకే గడ్డకడుతుంది. మంచు మీద నుంచి ఎండ తిరిగి కొడుతుంది కాబట్టి సన్‌స్క్రీన్, నల్లద్దాలు కావాలి. నీళ్ల సీసాని తలకిందులుగా పెట్టండి. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి, మూత దగ్గర ద్రవంగానే ఉంటుంది.

డిసెంబరు మొదట్లో లంబసింగిలో ఒక రాత్రి గడపడం మంచి పరీక్ష. అక్కడ ఉష్ణోగ్రత ఒక్కోసారి సున్నా దగ్గరికి వస్తుంది, మన సామాను లోపాలన్నీ బయటపడతాయి. మారేడుమిల్లి వైపు వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి. ఏజెన్సీలో చలికాలంలోనూ మలేరియా ఉంటుంది, దోమతెర మరవకండి.

క్లబ్‌లో కనీసం ఒకరైనా బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సు చేసినవాళ్లు ఉండాలి. డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ 1954 నుంచి, ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ 1965 నుంచి నేర్పిస్తున్నాయి. కోర్సు నాలుగు వారాలు, సీట్లు చాలా ముందే నిండిపోతాయి, కాబట్టి వేసవి బ్యాచ్‌కి రెండో సంవత్సరంలోనే దరఖాస్తు పెట్టించాలి. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కే ముందు భువనగిరి గుట్ట మీద రాయెక్కడం నేర్చుకుని, తర్వాత డార్జిలింగ్, లద్దాఖ్ వెళ్లారు. మంచు చివర వచ్చింది. ఆ వరస ఏ క్లబ్‌కైనా సరిపోతుంది.

నాలుగో సంవత్సరం వాళ్లకి ప్లేస్‌మెంట్ల హడావుడి, బాధ్యతలు వాళ్లకి ఇవ్వొద్దు. మూడో సంవత్సరం వాళ్లు నడిపించాలి, రెండో సంవత్సరం వాళ్లు సామాను రిజిస్టరు చూడాలి. ప్రతి బ్యాగుకీ బూటుకీ నంబరు వేసి, కొన్న ఏడాది రాయాలి. రైలు టికెట్లు 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుచుకుంటున్నాయి, సంక్రాంతి రద్దీకి ఆ ఉదయమే కూర్చోవాలి. జనవరిలో ఉత్తరాదిన పొగమంచుకి రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. ఢిల్లీ దగ్గర ఒక రోజు ఖాళీ ఉంచకపోతే డెహ్రాడూన్ బస్సు తప్పుతుంది, ఆ రోజుని కొండ మీద మిగుల్చుకోవాలనే తొందరలో ఎత్తుకి అలవాటు పడాల్సిన రోజే పోతుంది. తల్లిదండ్రుల సమావేశంలో వెనక్కి తిరిగే వేళ ముందే చెప్పండి. శిఖరం రోజున మధ్యాహ్నం 12 లోపు చేరకపోయినా, మంచుగాలి మొదలైనా తిరిగొస్తారని, డబ్బు వెనక్కి రాదని. తిరిగొచ్చాక సామాను వారంలోపు అప్పగించాలి, డిపాజిట్ అప్పుడే ఇవ్వాలి. రైల్లోంచి తడిగా తెచ్చిన బ్యాగుని హాస్టల్ మంచం కింద పది రోజులు వదిలేస్తే బూజు పడుతుంది, మళ్లీ ఆగస్టులో కొత్తది కొనాల్సి వస్తుంది.