మా 407 పొగ తగ్గించడానికి నేను పడ్డ పాట్లు

మా వైపు రవాణా ఆఫీసులో బండి ఫిట్‌నెస్ పరీక్షకి వెళ్లడాన్ని ఇప్పటికీ "బ్రేక్‌కి వెళ్లడం" అనే అంటారు, ఆ ఇన్‌స్పెక్టర్‌ని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అన్నట్టే. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఈ తంతు తప్పదు. మాది 2008 మోడల్ టాటా 407 మినీ లారీ. నా చేతికి వచ్చేసరికే ఇద్దరు ఓనర్లు మారారు, ఇద్దరూ దాని మీద సొంత ప్రయోగాలు చేశారు. ఒకాయన ఇంజన్ మార్చాడు, రెండో ఆయన ఇంజన్‌కి డీజిల్ అందించే పంపు తెరిపించి డీజిల్ పెంచాడు, సైలెన్సర్ డబ్బా పీకేసి ఉత్త పైపు పెట్టించాడు. కొన్న కొత్తలో ఇదంతా నాకు ముద్దుగానే అనిపించింది. అరవై మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఎక్కించుకుని చిలకలూరిపేట నుంచి గుంటూరు యార్డుకి పోతుంటే బండి అసలు మొరాయించేది కాదు. వెనకాల బైకుల మీద వచ్చేవాళ్లు మాత్రం మొహానికి కర్చీఫ్ అడ్డం పెట్టుకునేవాళ్లు.

ఈసారి పొల్యూషన్ టెస్ట్ దగ్గర దొరికిపోయాం. మీటరులో 3.8 వచ్చింది.

అప్పటిదాకా ఆ అంకె ఏంటో కూడా నాకు తెలియదు, సర్టిఫికెట్ చేతికొచ్చిందా లేదా అంతే చూసేవాణ్ణి. డీజిల్ బండికి టెస్ట్ ఎలా చేస్తారంటే, ఇంజన్ బాగా వేడెక్కాక న్యూట్రల్‌లో ఉంచి, పైపులో మీటరు గొట్టం పెట్టి, యాక్సిలరేటర్ ఒక్కసారిగా అడుగంటా తొక్కి వదులుతారు, అలా కొన్నిసార్లు చేసి సగటు తీస్తారు. పొగ ఎంత చిక్కగా ఉందో, అంటే అందులోంచి వెలుతురు ఎంత దాటిందో, అదే లెక్క. బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండ్ల పొగకి ప్రభుత్వం పెట్టిన ప్రమాణాలు. బీఎస్ 4 కంటే ముందు బండ్లకు హద్దు 2.45, హార్ట్రిడ్జ్ అనే ఇంకో కొలతలో చెబితే 65. బీఎస్ 4 బండికైతే 1.62, అంటే 50. ఇది ఎందుకు చెబుతున్నానంటే, "ఇప్పుడన్నీ బీఎస్ 6 అన్నా, నీ బండి ఇక పాస్ కాదు, తుక్కుకి ఇచ్చెయ్" అని నన్ను బెదరగొట్టినవాళ్లు కనీసం నలుగురు. అది తప్పు. బండి ఏ నాటిదో ఆ నాటి హద్దే దానికి వర్తిస్తుంది. మన దేశంలో అన్ని చోట్లా బీఎస్ 3 వచ్చిందే 2010లో, మాది అంతకు ముందుది.

పొల్యూషన్ లేకుండా తిప్పితే 10,000 దాకా ఫైన్. బండి రాకపోయినా సర్టిఫికెట్ ఇప్పిస్తానన్న మహానుభావుడూ తగిలాడు, ఎక్కడో ఎవరో చెప్పను. ఇంకో సలహా ఏంటంటే టెస్ట్ రోజు పంపు బిగించి, మర్నాడు మళ్లీ విప్పుకోమని. నిజం చెప్పొద్దూ, ఒక పూట ఆలోచించాను. కానీ రోడ్డు మీద మళ్లీ ఆపి మీటరు పెడితే ఏం చేస్తాం?

చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పంపు మేస్త్రి దగ్గరకి తీసుకెళ్లాను. పెద్దాయన బండి స్టార్ట్ చేయించి, ఒక్కసారి రేస్ ఇవ్వమని, ఆ నల్లటి పొగ వంక చూసి, "ఇది పవర్ అనుకుంటున్నావా బాబూ, నువ్వు డబ్బులిచ్చి కొట్టించిన డీజిలే, కాలకుండా బయటికి పోతోంది" అన్నాడు. మాది టర్బో, అంటే గాలిని ఒత్తి లోపలికి నింపే పరికరం, లేని ఇంజన్. అది పీల్చే గాలి అంతే, పంపు స్క్రూ తిప్పి డీజిల్ ఎంత పోసినా ఆ గాలికి సరిపడాదే కాలుతుంది, మిగతాది మసి. పైగా ఎయిర్ ఫిల్టర్ మిర్చి దుమ్ముతో అట్టకట్టి ఉంది. పంపు విప్పి బెంచి మీద కంపెనీ లెక్కకి క్యాలిబ్రేషన్ చేసి సీలు వేశాడు, డీజిల్ చిమ్మే నాజిళ్లు నాలుగూ మార్చాడు, వాల్వ్ క్లియరెన్స్, టైమింగ్ చూశాడు, ఫిల్టర్ కొత్తది. సైలెన్సర్ డబ్బా కూడా కలిపి మొత్తం 19,000 అయ్యింది. మళ్లీ మీటరు పెడితే 1.9.

పొగ సంగతి ఇలా తేలింది గానీ అసలు టెన్షన్ ఇంజన్ నంబరుది. ఆర్సీలో ఒకటి, ఇంజన్ బ్లాకు మీద ఇంకొకటి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మార్చాలంటే ముందు అనుమతి తీసుకోవాలి, మార్చాక 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ ఆఫీసుకి చెప్పాలి. మొదటి ఓనర్ రెండూ చేయలేదు. ఇలా ఉండగా యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు పట్టుకునేది ఈ తేడానే. అదృష్టం కొద్దీ ఆయన తను పెట్టించిన ఇంజన్ కొన్న షాపు బిల్లు దాచాడు, ఇంటికి వెళ్లి అడిగితే ఇనప్పెట్టెలోంచి తీసిచ్చాడు, కాఫీ కూడా ఇచ్చాడు. ఆ బిల్లు, ఇంజన్ నంబరు పెన్సిల్ ప్రింటు, అది దొంగసొత్తు కాదని స్టేషన్ నుంచి కాగితం, వీటి కోసం మూడు వారాలు తిరిగాను. అదే మోడల్ ఇంజన్ కాబట్టి ఆర్సీలో ఎక్కింది. వేరే రకం అయితే ఎక్కేది కాదు.

టర్బో పెట్టిద్దామన్న కోరిక అక్కడే వదిలేశాను. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది, అదే తయారీ ఇంజన్‌ని అనుమతితో మార్చుకోవడం వరకే వెసులుబాటు. సొంతగా చేసిన ఒక్కో మార్పుకి 5,000 ఫైన్, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. సీఎన్‌జీకి మార్చుకోవడానికి చట్టంలో దారి ఉంది, కానీ ఆమోదం ఉన్న కిట్టే పెట్టాలి, మా తిరుగుడికి ఆ ఖర్చు గిట్టదు.

బ్రేక్ రోజు ఇన్‌స్పెక్టర్ గారు టార్చి వేసి బ్లాకు మీద నంబరు వెతుకుతుంటే నేనే గుడ్డతో గ్రీజు తుడిచి చూపించాను. ఆర్సీతో సరిచూసుకుని, పొల్యూషన్ కాగితం అడిగి, "సైలెన్సర్ కొత్తదా" అన్నారు, అంతే.

ఇప్పుడు లోడు మీద ఫ్లైఓవర్ ఎక్కితే థర్డ్ గేర్ చాలదు, సెకండ్‌కి దిగాల్సిందే. నాన్న అయితే బండిని పాడు చేశావురా అని ఇంకా సణుగుతూనే ఉన్నారు. లీటరుకి కిలోమీటరు పైనే ఎక్కువ వస్తోందని పుస్తకంలో రాసి చూపిస్తే కళ్లజోడు లేదన్నారు. మా పాత బండికి పొల్యూషన్ ఆర్నెల్లకే అయిపోతుంది, మళ్లీ ఫిబ్రవరిలో, సరిగ్గా యార్డులో బండ్లు బారులు తీరే రోజుల్లో. జనవరిలోనే ఫిల్టర్ మార్చేయాలి.